5జీ వచ్చాక డౌన్‌లోడ్ పెరిగింది, అప్‌లోడ్ పడిపోయింది. వీడియో కాల్‌లో నా చేతులు స్టక్ అవుతున్నాయి

చేతిమాట:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను సంజ్ఞా భాష దుబాసీని. వినికిడి లేనివాళ్లు డాక్టరుతోనో, బ్యాంకువాళ్లతోనో, ఆఫీసులో పై అధికారితోనో మాట్లాడాల్సి వచ్చినప్పుడు వీడియో కాల్‌లో మధ్యలో నేనుంటాను. అటువాళ్లు మాట్లాడింది చేతులతో చెప్తాను, ఇటువాళ్ల చేతులు చూసి నోటితో చెప్తాను. ఆరేళ్లుగా ఇదే పని, అదీ ఇంటి నుంచే. మా బిల్డింగ్‌లోకి ఇంకా ఫైబర్ లైను రాలేదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాటే ఆధారం. నాలుగో అంతస్తులో కిటికీ పక్కన నా టేబులు.

రెండు నెలల కిందట మా నెట్‌వర్క్ కంపెనీ మా ఏరియాలో 5జీ మొదలుపెట్టింది. మెసేజ్ రాగానే నిజంగా సంతోషించాను. నా ఫోన్ 5జీదే. మొదటి రోజు స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ 310 ఎంబీపీఎస్ చూపించింది. అంతకుముందు 35 దాటేది కాదు. ఇక కాల్స్‌కి ఢోకా లేదనుకున్నాను.

నాలుగు రోజుల్లోనే తేడా తెలిసింది. కాల్ మధ్యలో నా బొమ్మ ఆగిపోతోంది. అటువైపు వాళ్లు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటారు, వాళ్లకే నేను స్టక్ అయిపోయి కనిపిస్తాను. మామూలు కాల్‌లో బొమ్మ మూడు సెకన్లు ఆగినా గొంతు వినిపిస్తుంది కాబట్టి పని నడిచిపోతుంది. మాకు ఆ బొమ్మే గొంతు. చెయ్యి గాల్లో ఆగిపోయిందంటే మాట సగంలో మింగేసినట్టే.

పోయిన వారం ఒక అమ్మాయి, డాక్టరు, నేను కాల్‌లో ఉన్నాం. కొత్త మాత్ర మొదలుపెట్టాక పాతది వేసుకోవద్దని డాక్టరు చెప్పారు. నేను అదే చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపింది. కానీ ఆ ఊపడంలో అర్థమైన తీరు కనబడలేదు. ఏం అర్థమైందో చెప్పమని అడిగితే, రెండూ కలిపి వేసుకోవాలని చెప్పింది. "వద్దు" అన్న చోటే నా బొమ్మ ఆగిపోయిందన్నమాట. ఆ రోజు అడగబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి కాల్‌కీ టెన్షనే.

నేను గమనించినవి చెప్తాను. టేబుల్ దగ్గర 5జీలో అప్‌లోడ్ ఒక్కోసారి 1.2, ఒక్కోసారి 2, ఎప్పుడో ఒకసారి 14. ఇదివరకు 4జీలో 7 దాకా నిలకడగా వచ్చేది. పైన గుర్తు 5జీ నుంచి 4జీకి, మళ్లీ 5జీకి మారుతూ ఉంటుంది. సెట్టింగుల్లో 4జీ మాత్రమే అని పెడితే ఆగడం తగ్గుతుంది, కానీ సాయంత్రాలు ఆ 4జీ కూడా మునుపటంత బాగా లేదు. కస్టమర్ కేర్ వాళ్లు నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేయమన్నారు, చేశాను. సిమ్ మార్చమన్నారు, మార్చాను. చివరికి "మీ ఏరియాలో కవరేజ్ ఫుల్‌గా ఉంది మేడమ్" అని ఫిర్యాదు మూసేశారు.

తప్పు ఫోన్‌దా, టవర్‌దా? 4జీలోనే ఉండిపోవచ్చా? కంపెనీవాళ్లకు ఏ మాట చెప్తే వింటారు?

రాత్రిషిఫ్ట్:

మీ పోస్టు చదువుతుంటే నా కథే అనిపించింది. నాకు కాల్స్‌లో గొంతు తెగిపోయేది. ఫోన్‌ది తప్పనుకుని కొత్తది కొన్నాను, ఏమీ మారలేదు. అందుకే ముందే చెప్తున్నాను, తొందరపడి ఫోన్ మార్చకండి. ముఖ్యమైన కాల్ ఉన్నప్పుడు 4జీలో పెట్టుకోండి, అయిపోయాక మార్చుకోండి. నేను అదే చేస్తున్నాను. ఎందుకిలా అవుతుందో మాత్రం నాకూ తెలుసుకోవాలనుంది.

పాతమీటర్:

చేతిమాట గారూ, నేను తొమ్మిదేళ్లు డ్రైవ్ టెస్ట్ పని చేశాను. కారు పైన యాంటెన్నా, లోపల ల్యాప్‌టాప్, నాలుగైదు ఫోన్లు పెట్టుకుని రోడ్లన్నీ తిరుగుతూ సిగ్నల్ కొలిచే పని. 4జీ మొదలైన రోజుల్లో చేశాను, 5జీ మొదలైనప్పుడూ చేశాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే చోటుకి వస్తున్నాయి. ఫోన్‌ని అనుమానించకండి. దెబ్బతిన్నది అప్‌లింక్, అంటే మీ ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే దారి. వాళ్లు మీకు బాగా కనిపిస్తున్నారు, మీరు వాళ్లకు కనిపించడం లేదు అన్నారు చూడండి, అక్కడే సగం తెలిసిపోయింది.

ముందు ఆ 5జీ గుర్తు సంగతి. 5జీకి సంబంధించిన మొదటి ప్రమాణాన్ని 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి) 2017 డిసెంబరులో ఖరారు చేసింది. అది నాన్ స్టాండలోన్ పద్ధతి. 4జీ సాయం లేకుండా సొంతంగా నడిచే స్టాండలోన్ పద్ధతి 2018 జూన్‌లో వచ్చింది. త్వరగా మొదలుపెట్టాలనుకున్న కంపెనీలు మొదటిదే పట్టుకున్నాయి. 2019 ఏప్రిల్ 3న దక్షిణ కొరియా కంపెనీలు, అమెరికాలో వెరైజన్ మొదలుపెట్టింది కూడా ఆ పద్ధతిలోనే. ఇందులో ఫోన్ ఎప్పుడూ 4జీని పట్టుకునే ఉంటుంది. ఎవరు ఎక్కడ ఉండాలి, ఎప్పుడు మారాలి అన్న మాటలన్నీ 4జీ మీదే నడుస్తాయి. 5జీని పక్కన ఇంకో పైపులా కలుపుతారు. ఇక్కడ 5జీ కలపడానికి వీలుందని 4జీ టవర్ ఒక చిన్న సూచనను ప్రసారం చేస్తుంది. చాలా నెట్‌వర్క్‌లలో ఆ సూచన అందగానే ఫోన్ 5జీ గుర్తు వెలిగిస్తుంది. అంటే ఆ క్షణంలో మీ వీడియో 5జీ మీద వెళ్తోందని కాదు. గుర్తును బట్టి దేన్నీ తేల్చుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. 5జీ ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ దొరుకుతుంది. 4జీలో ఒక్కో ఛానెల్‌కి గరిష్ఠం 20. మీకు 310 వచ్చింది అందుకే. కానీ అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోవు, గోడ దాటేసరికి బాగా బలహీనపడతాయి. ఖాళీ ప్రదేశంలోనే 700 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే 3500 దగ్గర అందే శక్తి 25వ వంతు. 1800తో పోల్చినా దాదాపు నాలుగో వంతే.

టవర్ వైపు ఈ లోటు పూడ్చుకునే దారి ఉంది. టవర్ మీది కొత్త పెట్టెల్లో 64 చిన్న యాంటెన్నాలు కలిసి మీరున్న వైపుకే శక్తిని గురిపెడతాయి, శక్తి కూడా 200 వాట్ల దాకా ఉంటుంది. ఫోన్‌కి అలా కుదరదు. చాలా ఫోన్లు 200 మిల్లీవాట్లు దాటవు. వెయ్యి రెట్ల తేడా. నాన్ స్టాండలోన్‌లో ఆ 200ని కూడా 4జీకి కొంత, 5జీకి కొంత పంచుకోవాలి. టవర్ మైకులో మాట్లాడుతోంది, మీ ఫోన్ గుసగుసలాడుతోంది. మీకు వాళ్ల మాట వినిపిస్తుంది, వాళ్లకు మీది వినిపించదు.

దీనికి తోడు ఇంకొకటి. 3.5 గిగాహెర్ట్జ్‌లో పైకీ కిందకీ ఒకటే ఛానెల్, వంతుల మీద వాడతారు. మామూలుగా ఐదు వంతుల్లో మూడు, నాలుగు డౌన్‌లోడ్‌కి ఇచ్చి ఒకటి అప్‌లోడ్‌కి ఉంచుతారు. మీరు ఇదివరకు వాడిన 4జీలో చాలా వరకు అప్‌లోడ్‌కి విడిగా సొంత దారి ఉంటుంది, దానికి వంతు కోసం ఆగే పని లేదు.

గుర్తు అటూ ఇటూ మారడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 5జీ సిగ్నల్ ఎంత అందుతోందో కొలిచి చెప్పమని టవర్ ఫోన్‌ని అడుగుతుంది. ఒక హద్దుకు పైన ఉంటే 5జీని కలుపుతుంది. ఫోన్ కొలిచేది కిందకు వచ్చే సిగ్నల్‌ని మాత్రమే. అది బాగానే ఉంది కాబట్టి కలుపుతారు. తీరా మీ ఫోన్ పంపింది టవర్‌కి అందదు. లింకు తెగుతుంది, డేటా 4జీకి వచ్చేస్తుంది. కాసేపటికి ఫోన్ మళ్లీ కొలుస్తుంది, మళ్లీ బాగుందంటుంది, మళ్లీ కలుపుతారు. ప్రతి తెగడానికీ మీ చేతులు ఒకటి రెండు సెకన్లు ఆగిపోతాయి. ఆ హద్దు ఎక్కడ పెట్టాలనేది కంపెనీ ఇంజినీర్ల చేతిలో ఉంది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఎక్కువ మందికి 5జీ దొరికినట్టు లెక్క రావాలని దాన్ని కిందకు దించి పెడతారు. నేను పనిచేసిన చోట అలాగే పెట్టారు.

కవరేజ్ ఫుల్ అన్నారే, అది రోడ్డు మీద లెక్క. మ్యాపులో రంగు వేసేది కంప్యూటర్ అంచనాతో, మాలాంటివాళ్లం దాన్ని సరిచూసింది కారు పైన యాంటెన్నాతో. మీ కుర్చీ దగ్గర ఎవరూ కొలవలేదు. మా రిపోర్టులో అప్‌లింక్‌కి కూడా ఒక కాలమ్ ఉండేది. నేనే నింపేవాణ్ని. పైవాళ్లకు వెళ్లే స్లయిడ్‌లో మాత్రం డౌన్‌లోడ్ ఒక్కటే ఉండేది. రెండుసార్లు అడిగాను. జనం చూసేది అదే కదా అన్నారు. మూడోసారి అడగలేదు. అడగాల్సింది.

సాయంత్రం 4జీ నెమ్మదించడం మీ భ్రమ కాదు. పాత 4జీ ఛానెల్‌నే 5జీతో పంచుకునే ఏర్పాటు ఒకటుంది. కొందరు అది వాడతారు, అప్పుడు 4జీ వాటా తగ్గుతుంది.

మీ నుంచి నాకు కొన్ని కొలతలు కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొట్టండి, ఐఫోన్ అయితే *3001#12345# తర్వాత మళ్లీ * కొట్టి కాల్ నొక్కండి. తెరుచుకోకపోతే సిగ్నల్ చూపించే యాప్ ఏదైనా చాలు. అందులో ఆర్ఎస్ఆర్‌పీ (టవర్ నుంచి ఫోన్‌కి అందే సిగ్నల్ బలం) అని 4జీకి ఒకటి, 5జీకి ఒకటి మైనస్ అంకెలు ఉంటాయి. మైనస్ 80 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం. టేబుల్ దగ్గర, ఇంట్లో ఇంకో చోట, బయట గాల్లో, మూడు చోట్ల రాసుకోండి. ప్రతి చోటా అప్‌లోడ్ ఐదేసిసార్లు చూడండి, ఒక్కసారి చూసింది నమ్మొద్దు.

ఇంకో ప్రశ్న. మీ కిటికీ అద్దం మామూలుదా, ఎండ వేడి లోపలికి రాకుండా పూత వేసిందా?

చేతిమాట:

పాతమీటర్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలు. రెండుసార్లు చదివాను. గుసగుస అన్నది బాగా అర్థమైంది.

ఈ రోజు కాల్స్ లేవు కాబట్టి పొద్దున్నుంచీ అదే పని. టేబుల్ దగ్గర కిటికీ మూసి: 5జీ మైనస్ 114, 4జీ మైనస్ 99. అప్‌లోడ్ ఐదుసార్లు: 1.1, 1.8, 0.9, 13, 1.4. ఆ 13 వచ్చినప్పుడు పైన 4జీ గుర్తు ఉంది. వంటగదిలో: 5జీ కనబడనే లేదు, 4జీ మైనస్ 104, అప్‌లోడ్ 4, 5 మధ్య. బాల్కనీలో తలుపు బయట: 5జీ మైనస్ 92, 4జీ మైనస్ 79, అప్‌లోడ్ 21, 24, 22, 19, 23.

బాల్కనీ అంకె చూసి నమ్మలేక మళ్లీ కొలిచాను. నా కుర్చీకీ బాల్కనీకీ మధ్య ఉన్నది ఒక్క అద్దం తలుపు. తీస్తే ఒక మనిషి అడుగు దూరం.

అద్దం గురించి మీరెందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. పోయినేడు బిల్డింగ్ అంతా కిటికీలు, బాల్కనీ తలుపులు మార్చారు. ఎండ వేడి ఆపే రకం అని చెప్పారు. పక్కనుంచి చూస్తే లేత నీలం మెరుపు ఉంటుంది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, అవి మార్చిన కొత్తలోనే 4జీ అప్‌లోడ్ 11, 12 నుంచి 7కి పడింది. అప్పుడు టవర్‌ని తిట్టుకున్నాను.

పాతమీటర్:

అనుకున్నంతా అయింది. ఆ పూతలో చాలా పల్చని లోహపు పొర ఉంటుంది. ఎండ వేడిని వెనక్కి పంపేది అదే, రేడియో తరంగాల్నీ వెనక్కి పంపేస్తుంది. 3జీపీపీ వాళ్లు లెక్కలకు వాడే నమూనాలో 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలు అద్దానికి నష్టం సుమారు 3 డెసిబెల్స్, కాంక్రీటు గోడకు 19, ఈ పూత అద్దానికి 24. కాంక్రీటు కంటే ఎక్కువ! మీకు బాల్కనీకీ టేబుల్‌కీ మధ్య 5జీలో తేడా 22 వచ్చింది (మైనస్ 92 నుంచి మైనస్ 114కి). ఆ నమూనాకు ఇంత దగ్గరగా ఒక ఇంట్లో కొలత రావడం చూసి నాకు చాలా ఆనందమేసింది, మీ ఇబ్బంది వేరే సంగతి.

22 డెసిబెల్స్ అంటే మీ ఫోన్ పంపిన శక్తిలో అద్దం దాటేది దాదాపు 160వ వంతు. 4జీకీ ఆ దెబ్బ తగిలింది, మీ మైనస్ 79, మైనస్ 99 చూడండి. కానీ 4జీకి ఇంకా చేతిలో కొంత మిగిలి ఉంది, నడిచిపోయింది. పోయినేడు ఆ అద్దం మీ దగ్గరున్న మిగులంతా తినేసింది. అంతకంటే బలహీనమైన 5జీ వచ్చాక మిగులు లేదన్న సంగతి బయటపడింది.

మేడమీద:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పాతమీటర్ గారు చెప్పిన సైన్సు నేను కాదనను. కానీ అద్దం మీదకు నెట్టేస్తే కంపెనీ తప్పించుకుంటుంది. అద్దం ఏడాదిగా ఉంది. మొన్నటిదాకా ఈవిడ పని నడిచింది. రెండు నెలల కిందట మారింది నెట్‌వర్క్. నడుస్తున్న 4జీ దారిని వదిలి నడవని 5జీ దారిలోకి ఫోన్‌ని తోసేది ఎవరు? ఆ హద్దు పెట్టినవాళ్లే కదా.

పైగా ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) 5జీకి పెట్టిన లక్ష్యాల్లో, రద్దీ నగరాల్లో వాడేవాళ్లకు అందాల్సిన వేగం డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 50 అని రెండూ ఉన్నాయి. ప్రకటనల్లో మనకు కనిపించేది డౌన్‌లోడ్ ఒక్కటే.

మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరుతో వీడియో కాల్స్ ఇలాగే తెగిపోయేవి. నేను నాలుగుసార్లు ఫిర్యాదు చేశాను. మూడుసార్లు "నెట్ స్లో" అన్నాను, మూసేశారు. నాలుగోసారి టైము, చోటు, సిగ్నల్ అంకెలు రాసి ఇచ్చాక నెట్‌వర్క్ టీమ్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. కాబట్టి చేతిమాట గారూ, వదలకండి.

పాతమీటర్:

మేడమీద గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా జవాబులో అద్దం బరువు ఎక్కువైపోయింది. అద్దం ఉన్న ఇళ్లు లక్షల్లో ఉంటాయి, నెట్‌వర్క్‌ని వాటిని చూసుకునే సర్దాలి.

ఫిర్యాదులో ఈ మాటలే వాడండి. "ఇంట్లో 5జీ ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 114 దగ్గర కూడా 5జీ కలుస్తోంది, అప్‌లింక్ నిలవక పదే పదే తెగుతోంది. 4జీలో ఉన్నప్పుడు అప్‌లోడ్ 13, 5జీలో 1. 5జీ కలిపే హద్దునూ, అప్‌లింక్‌ని 4జీకి మార్చే హద్దునూ చూడండి." కింద తేదీ, టైము, మీ కొలతలు, స్క్రీన్‌లో కనిపించే సెల్ నంబర్ (మీ ఫోన్ నంబర్ కాదు, టవర్ వైపు గుర్తింపు అంకె) పెట్టండి. మొదట ఫోన్ ఎత్తినవాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు, అయినా ఉన్నదున్నట్టు రాసుకుని నెట్‌వర్క్ టీమ్‌కి పంపమనండి. ఆ టీములో చూసే మనిషికి మొదటి వాక్యంతోనే తెలుస్తుంది. రెండో హద్దు చాలా ముఖ్యం. డౌన్‌లోడ్ 5జీ మీదే ఉంచి అప్‌లోడ్ మాత్రం 4జీ మీద పంపే వీలు నాన్ స్టాండలోన్‌లో ఉంది. మీలాంటి చోటుకి అదే సరైనది.

తక్కువ ఫ్రీక్వెన్సీలో 5జీ ఎప్పుడు తెస్తారో కూడా అడగండి. అమెరికాలో టీ మొబైల్ 600 మెగాహెర్ట్జ్ మీద 5జీ వేసి, 2020 ఆగస్టులో దేశమంతటా స్టాండలోన్ మొదలుపెట్టింది. అక్కడ 310 లాంటి అంకెలు రావు కానీ గోడ దాటుతుంది.

ఈలోగా ముఖ్యమైన కాల్స్‌కి 4జీలో పెట్టుకోండి, అందులో నష్టమేమీ లేదు. వీలైతే ఫోన్‌ని బాల్కనీలో పెట్టి, పొడుగు యూఎస్‌బీ కేబుల్‌ని తలుపు సందులోంచి ల్యాప్‌టాప్‌కి లాగండి. వైఫై హాట్‌స్పాట్ వద్దు, అది కూడా ఆ అద్దం దాటి రావాలి. కాల్ యాప్‌లో వీడియో నాణ్యత తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి.

చేతిమాట:

నాణ్యత తగ్గించడం గురించి ఒక మాట చెప్పాలి, నాలాంటి పని చేసేవాళ్లు ఇంకెవరైనా ఇది చదివితే పనికొస్తుంది. బొమ్మ మసగ్గా ఉన్నా మాకు ఫర్వాలేదు, కదలిక తెగకూడదు. సంజ్ఞా భాషకు సెకనుకు 20 ఫ్రేములైనా ఉంటే మంచిదని ఐటీయూ 1999లో ఇచ్చిన పత్రం చెప్తుంది. వేళ్లతో అక్షరాలు చెప్పేటప్పుడు అంతకంటే తక్కువైతే రెండు అక్షరాల మధ్య తేడా పోతుంది. అందుకని నేను బొమ్మ సైజు 640, 480కి దించి, ఫ్రేములు 30 అలాగే ఉంచాను. ఒక ఎంబీపీఎస్ లోపే సరిపోతోంది. కొన్ని యాప్‌లు నెట్ తగ్గగానే ఫ్రేములు కోసేస్తాయి, మాకు సరిగ్గా దానికి వ్యతిరేకం కావాలి.

ఫిర్యాదు మీరు చెప్పిన మాటలతోనే రాసిచ్చాను. కాల్ తీసుకున్న అబ్బాయి ఆర్ఎస్ఆర్‌పీ అంటే ఏమిటని అడిగాడు, అయినా పాపం ఒక్కో అంకె చదివి సరిచూసుకుని రాసుకున్నాడు.

చేతిమాట (పన్నెండు రోజుల తర్వాత):

ఏమైందో చెప్పకుండా వదిలేయడం బాగోదని వచ్చాను.

ఎనిమిదో రోజున నెట్‌వర్క్ టీమ్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. నేను ఇచ్చిన సెల్ నంబర్ దగ్గర 5జీ లింకు తెగడం చాలా ఎక్కువగా ఉందని, నా ఒక్క ఫోన్ మాత్రమే కాదని చెప్పారు. హద్దు మార్చామన్నారు. ఆ సాయంత్రం నుంచి టేబుల్ దగ్గర గుర్తు అటూ ఇటూ ఊగడం లేదు, చాలాసేపు 4జీలోనే నిలబడుతోంది. అప్‌లోడ్ పగలు 6, 7. సాయంత్రం ఏడు దాటితే 3కి పడుతోంది, అది మాత్రం బాగుపడలేదు. తక్కువ ఫ్రీక్వెన్సీ 5జీ గురించి అడిగితే ఆవిడ తేదీ ఏమీ చెప్పలేదు.

నిన్న ఆ మాత్రల అమ్మాయే మళ్లీ కాల్‌కి వచ్చింది. సాయంత్రం టైము కాబట్టి ఫోన్ బాల్కనీలో పెట్టి కేబుల్ లాగాను. 40 నిమిషాలు మాట్లాడుకున్నాం. నా చేతులు ఒక్కసారి కూడా ఆగలేదని ఆ అమ్మాయే చెప్పింది, నేను అడగకముందే.

ఒక్క ఇబ్బంది. మధ్యాహ్నం కాల్స్‌కి ఫోన్ బయట పెడితే ఎండకి కాలిపోతోంది, వేడి ఎక్కువైందని హెచ్చరిక వచ్చి స్పీడు పడిపోతోంది. దానికేం చేయాలి?

పాతమీటర్:

ఆ అమ్మాయి మాట చదివి చాలా సంతోషమేసింది.

వేడెక్కితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ముందు 5జీ వదిలేస్తుంది, తర్వాత అన్నీ తగ్గిస్తుంది. ఎండ తగలని మూల చూసి, బాల్కనీ గోడ నీడలో పెట్టండి. కవర్ తీసేయండి, స్క్రీన్ ఆర్పేయండి. కేబుల్ పెట్టినప్పుడు ఛార్జింగ్ కూడా అవుతుంది కదా, వేడికి అదీ ఒక కారణం. ఫోన్‌లో ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే కాల్ అయ్యేదాకా ఆపండి. లోహపు డబ్బాలో మాత్రం పెట్టకండి, మళ్లీ అద్దం కథే అవుతుంది. ఈ పని ఇంకా ఏళ్ల తరబడి ఇంటి నుంచే చేసేలా ఉంటే, సిమ్ వేసి గోడ బయట బిగించే 5జీ రౌటర్లు ఉంటాయి, ఎండకీ వానకీ తట్టుకునేలా చేసినవి. అందులోంచి ఒక్క వైరు లోపలికి వస్తుంది. తీసుకునే ముందు మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీలు) అందులో ఉన్నాయో లేదో చూసుకోండి, మోడల్ పేరు ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.